ఎండు పండ్లు, పప్పులు: కొలత నుంచి తూకానికి

వంటలో కప్పు, గ్లాసు, చెంచాలతో చెప్పిన కిస్మిస్, ఖర్జూరం, జీడిపప్పు, బాదం వంటి వాటి పరిమాణాన్ని గ్రాముల్లోకి మార్చుకోవడాన్ని కొలత-తూకం మార్పిడి అంటారు. బట్టల పరిశ్రమలో పని కోసం సూరత్ చేరి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ఈ లెక్క నిత్యావసరం. ఇంటి వంటకు కొలత గ్లాసులో ఉంటుంది, బజారులో సరుకు గ్రాముల్లో దొరుకుతుంది.

తేడాకు కారణాలు

నీళ్లు గిన్నెను ఖాళీ లేకుండా నింపుతాయి. ఎండు పండ్ల మధ్య మాత్రం గాలి ఉంటుంది. అందుకే ఒకే కప్పులో పట్టే తూకం ముక్కల పరిమాణాన్ని బట్టీ, తేమను బట్టీ, నింపిన తీరును బట్టీ మారుతుంది. కిస్మిస్ వదులుగా పోస్తే కప్పుకు 145 గ్రాములు, అదిమి నింపితే 165 గ్రాములు. నానబెట్టినవి నీరు పీల్చి బరువెక్కుతాయి కాబట్టి తూకం ఎప్పుడూ నానబెట్టకముందే వేయాలి.

సగటు తూకాలు

237 మి.లీ. అమెరికన్ కప్పుకు, అంచు సమంగా నింపితే, సుమారుగా:

బాదం (గుండు): 143 గ్రాములు
బాదం (సన్నని పొడవు ముక్కలు): 108 గ్రాములు
బాదం పొడి: 95 గ్రాములు
జీడిపప్పు (వేయించినది): 137 గ్రాములు
పిస్తా: 123 గ్రాములు
అక్రోట్ (తరిగినవి): 117 గ్రాములు
ఖర్జూరం (గింజ తీసి తరిగినది): 147 గ్రాములు
అంజీర్: 149 గ్రాములు

కప్పు 250 మి.లీ. అయితే ఈ అంకెలకు దాదాపు 5 శాతం కలపాలి. పావుకిలో కిస్మిస్ ప్యాకెట్టు చిన్న కప్పుతో ఒకటిముప్పావు కప్పు వస్తుంది.

లెక్క కట్టే పద్ధతి

తూకాన్ని ఘనపరిమాణంతో భాగిస్తే మి.లీ.కి ఎన్ని గ్రాములో తెలుస్తుంది. వదులు కిస్మిస్‌కు అది 0.61. 150 మి.లీ. టీ గ్లాసులో కిస్మిస్ పోస్తే 150ని 0.61తో గుణించి, దాదాపు 92 గ్రాములు అనుకోవచ్చు. ఇంట్లో వాడే గ్లాసునే ఒక్కసారి కిరాణా కొట్టు తక్కెడలో ఖాళీగానూ నిండుగానూ తూచి, తేడాను రాసిపెట్టుకోవడం అన్నిటికన్నా నమ్మకమైన దారి.

జీడిపప్పు గ్రేడు

శ్రీకాకుళం జిల్లా పలాస జీడిపప్పు పరిశ్రమకు పేరు. జీడిపప్పు వ్యాపారంలో గ్రేడు పేరే మార్పిడి పట్టిక. డబ్ల్యూ 320 అంటే ఒక పౌనుకు, అంటే 454 గ్రాములకు, 300 నుంచి 320 గుండు పప్పులు. ఒక్కో పప్పు దాదాపు 1.5 గ్రాములు. డబ్ల్యూ 240లో అది సుమారు 2 గ్రాములు. పాయసానికి 20 పప్పులు కావాలంటే మొదటిదైతే 30 గ్రాములు, రెండోదైతే 40 గ్రాములు తూచాలి.

ఎక్కువమందికి వండేటప్పుడు

శరత్ పూర్ణిమ మర్నాడు చాందనీ పడ్వోకు సూరత్ వాసులు తినే ఘారీలో మావా, నెయ్యితోపాటు బాదం, పిస్తాలు పడతాయి. గుండు బాదం 10 కప్పులని రాసినచోట 10 కప్పుల పొడి వేస్తే సుమారు 480 గ్రాములు తగ్గుతుంది. రుచి, ముద్ద గట్టితనం రెండూ దెబ్బతింటాయి. ఇంటి పాళ్లను పెళ్లి వంటకు పెంచేవారు ముందుగా కప్పులను గ్రాములుగా మార్చి, ఆ తర్వాతే హెచ్చవేయాలి.

చారిత్రక నేపథ్యం

తెలుగునాట సోల, తవ్వ, మానికలతో గింజలను కొలిచేవారు. తులం, సేరు, వీశెలతో తూచేవారు. 1956లో వచ్చిన తూనికలు, కొలతల చట్టం దేశమంతటా మెట్రిక్ పద్ధతికి దారి వేసింది. గ్రాముల్లో రాసిన పాళ్లు సూరత్‌లోనైనా, సిరిసిల్లలోనైనా, ఏ గిన్నెతో వండినా ఒకటే.