టీఎస్‌హెచ్ నార్మల్.. అయినా మెడలో గడ్డ ఉందా? మెడ్యులరీ థైరాయిడ్ క్యాన్సర్ గురించి తెలుసుకోండి

మెడ ముందు భాగంలో చిన్న గడ్డ. నొప్పి లేదు. థైరాయిడ్ టెస్ట్ చేయిస్తే టీ3, టీ4, టీఎస్‌హెచ్ అన్నీ నార్మల్. హమ్మయ్య అనుకుని రిపోర్ట్ బీరువాలో పెట్టేస్తాం. కానీ ఆ టెస్ట్ చెప్పేది గ్రంథి ఎలా పనిచేస్తోందన్నది మాత్రమే.. గడ్డ ఎలాంటిదో చెప్పదు.

కంగారు పడక్కర్లేదు. థైరాయిడ్ గడ్డల్లో చాలావరకు క్యాన్సర్ కావు. క్యాన్సర్ అయినా ఎక్కువమందిలో కనిపించేది పాపిల్లరీ రకం, అది చికిత్సకు బాగా లొంగుతుంది. మెడ్యులరీ రకం దారి మాత్రం వేరు. మొత్తం థైరాయిడ్ క్యాన్సర్లలో ఇది 5 శాతంలోపే.

సీ కణాల్లో పుట్టే క్యాన్సర్

థైరాయిడ్‌లో ‘సీ’ కణాలని కొన్ని ఉంటాయి. ఇవి టీ3, టీ4 తయారు చేయవు, క్యాల్సిటోనిన్ అనే మరో హార్మోన్‌ను విడుదల చేస్తాయి. మెడ్యులరీ క్యాన్సర్ మొదలయ్యేది వీటిలోనే. అందుకే టీఎస్‌హెచ్ మారకపోయినా రక్తంలో క్యాల్సిటోనిన్ పెరిగిపోతుంది. అన్నట్టు, క్యాల్షియం టెస్ట్ వేరు, క్యాల్సిటోనిన్ టెస్ట్ వేరు. ల్యాబ్‌లో పొరపాటు పడొద్దు.

గడ్డతో పాటు గొంతు బొంగురుపోవడం, మింగడం కష్టమవడం, మెడ పక్కన బిళ్లలు కట్టడం ఉంటే ఆలస్యం చేయకూడదు. వ్యాధి ముదిరితే కొందరికి ఆగని విరేచనాలు అవుతాయి, మొహం ఎర్రబడుతుంది. చాలామంది దాన్ని కడుపు సమస్య అనుకుంటారు! స్కానింగ్, సూదితో తీసే ఎఫ్‌ఎన్‌ఏసీ, క్యాల్సిటోనిన్, సీఈఏ పరీక్షలతో నిర్ధారిస్తారు.

ఇంట్లో వాళ్లకూ టెస్ట్ ఎందుకు?

అసలు విషయం ఇక్కడుంది. ఈ క్యాన్సర్ వచ్చిన ప్రతి నలుగురిలో సుమారు ఒకరికి ఇది వంశపారంపర్యం. ‘రెట్’ అనే జన్యువులో మార్పే కారణం. తల్లిదండ్రుల్లో ఒకరికి ఆ మార్పు ఉంటే ఒక్కో బిడ్డకు వచ్చే అవకాశం 50 శాతం. ఇంట్లో ఇంతకుముందు ఎవరికీ లేకపోయినా, మెడ్యులరీ అని తేలిన ప్రతి ఒక్కరూ రెట్ టెస్ట్ చేయించుకోవాలి.

పెళ్లి సంబంధాలు చెడిపోతాయని జబ్బు సంగతి దాచే ఇళ్లు మన దగ్గర తక్కువేం కాదు. ఈ విషయంలో దాస్తే నష్టపోయేది పిల్లలే. ఎందుకంటే జన్యు మార్పు ముందే తెలిస్తే క్యాన్సర్ రాకముందే థైరాయిడ్ తీసేయొచ్చు. అత్యంత ప్రమాదకరమైన మార్పు ఉంటే ఏడాది వయసులోపే, ఆ తర్వాతి స్థాయిది అయితే ఐదేళ్లు నిండేలోపు ఆపరేషన్ చేయాలంటారు డాక్టర్లు.

చికిత్స ఏంటి?

ప్రధానంగా ఆపరేషనే. థైరాయిడ్ మొత్తంతో పాటు చుట్టూ ఉన్న లింఫ్ గ్రంథులనూ తీస్తారు. ఆ తర్వాత జీవితాంతం థైరాయిడ్ మాత్ర వాడాలి. సీ కణాలు అయోడిన్ పీల్చుకోవు కాబట్టి, పాపిల్లరీ రకంలో ఇచ్చే రేడియో అయోడిన్ ఇక్కడ పనిచేయదు.

ఆపరేషన్‌కు ముందు ఒకటి తప్పక అడగండి. వంశపారంపర్య రకంలో కొందరికి మూత్రపిండాలపైన ఉండే అడ్రినల్ గ్రంథిలోనూ ఫియోక్రోమోసైటోమా అనే గడ్డ ఉంటుంది. అది చూసుకోకుండా మత్తు ఇస్తే బీపీ ఒక్కసారిగా పెరిగి ప్రాణం మీదకు రావచ్చు. రక్తం లేదా మూత్ర పరీక్షతో దాన్ని ముందే పట్టుకోవచ్చు. ఉంటే ముందు దానికే ఆపరేషన్.

వ్యాధి వేరే భాగాలకు పాకిన వారికి వాండెటానిబ్, క్యాబోజాంటినిబ్ మందులున్నాయి. రెట్ మార్పుపై నేరుగా పనిచేసే సెల్పెర్కాటినిబ్‌కు 2020లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. ఆపరేషన్ అయిపోయినా క్యాల్సిటోనిన్ టెస్ట్ మాత్రం ఆపకూడదు. అది ఎంత వేగంగా రెట్టింపవుతోందన్నది చూసే, వ్యాధి తిరగబెడుతోందా అని డాక్టర్లు అంచనా వేస్తారు.