యూసుఫ్, యోసేపు ఒకే పేరు: మన పేర్ల వెనక ఉన్న అర్థాలు

బీకాంలో మా బెంచీలో ఒక యూసుఫ్, ఒక జోసెఫ్ ఉండేవారు. మూడేళ్లు పక్కపక్కనే కూర్చున్నారు, అకౌంట్స్ నోట్సులు మార్చుకున్నారు. ఇద్దరిదీ ఒకటే పేరని వాళ్లకీ తెలీదు, మాకూ తెలీదు. జోసెఫ్ వాళ్ల నాన్నమ్మ మాత్రం మనవణ్ని 'యోసేపూ' అని పిలిచేది. ఆ పిలుపులోనే అసలు సంగతి ఉంది.

హీబ్రూలో ఈ పేరు యోసేఫ్. 'ఇంకా చేర్చుగాక' అని అర్థం. చాలాకాలం సంతానం లేని రాహేలు, కొడుకు పుట్టగానే ఇంకో బిడ్డను కూడా ఇవ్వమని కోరుకుంటూ ఆ పేరు పెట్టిందని బైబిల్ చెబుతుంది. అరబ్బీలో అది యూసుఫ్. గ్రీకు, లాటిన్ మీదుగా యూరప్‌కి వెళ్లింది. లాటిన్‌లో ఐ, జే ఒకే అక్షరం, పలికేది 'య' లాగానే. ఫ్రెంచి ప్రభావంతో ఇంగ్లిషులో అది 'జ' అయిపోయింది. తెలుగు బైబిల్ ఆ 'య'ని వదల్లేదు. అందుకే యోసేపు అన్న మాట జోసెఫ్ కంటే యూసుఫ్‌కే దగ్గరగా వినిపిస్తుంది.

యాఖూబ్ సంగతీ అంతే. కవల అన్న ఏశావు మడమ పట్టుకుని పుట్టాడు కాబట్టి యాకోబు అయ్యాడంటుంది ఆదికాండము. అరబ్బీలోనూ 'అఖిబ్' అంటే మడమే. ఇంగ్లిషు చదివేవాళ్లకి జేకబ్ వేరు, జేమ్స్ వేరు. నిజానికి రెండూ ఒకే పేరు. తెలుగు బైబిల్లో ఇద్దరూ యాకోబులే కాబట్టి మనకి ఆ గందరగోళం లేదు.

మోషే, మూసా విషయంలో ఇంకో సూత్రం కనిపిస్తుంది. హీబ్రూలో 'ష' ఉన్నచోట అరబ్బీలో తరచుగా 'స' ఉంటుంది. వాళ్ల షలోమ్ మన సలామ్. వాళ్ల మోషే మన మూసా. ఇష్మాయేలు, ఇస్మాయీల్ కూడా అలాగే. ఇస్మాయీల్ అంటే 'దేవుడు వింటాడు'. నమాజులో రుకూ నుంచి లేస్తూ 'సమిఅల్లాహు' అంటాం కదా, అందులోని 'సమిఅ' (విన్నాడు), ఇస్మాయీల్‌లోని మొదటి ముక్క ఒకే ధాతువు నుంచి వచ్చినవి. రోజుకి ఐదు పూటలా అంటూ కూడా ఈ చుట్టరికం నాకు తట్టలేదు.

నాకు అన్నిటికంటే నచ్చింది ఇస్‌హాఖ్. హీబ్రూలో యిత్స్‌హాక్ అంటే 'నవ్వుతాడు'. ముసలితనంలో కొడుకు పుడతాడని విని హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలాం) భార్య సారా నవ్విందని ఆదికాండము చెబుతుంది. ఖుర్ఆన్‌లో హూద్ సూరాలో కూడా ఆమె నవ్విన ప్రస్తావన, ఆ వెంటనే ఇస్‌హాఖ్ పుడతాడన్న శుభవార్త ఉన్నాయి. కాకపోతే అరబ్బీలో నవ్వుకి వాడిన మాట వేరు, పేరు వేరు. హీబ్రూలో మాత్రం ఆ నవ్వే బిడ్డ పేరైంది. తెలుగులో ఇస్సాకు అనేసరికి నవ్వు పూర్తిగా మాయమైపోయింది!

మిగతావి క్లుప్తంగా. హవ్వ అనే పేరు తెలుగు బైబిల్లోనూ ఉర్దూలోనూ ఒకేలా ఉంది. దానికి 'జీవం'తో సంబంధం, మనం వాడే 'హయాత్' కూడా ఆ కుటుంబమే. దానియేలు అంటే 'దేవుడే నాకు తీర్పరి'. తోమా అరమేయిక్ మాట, 'కవల' అని అర్థం. పేతురు గ్రీకులో బండరాయి. అదే అరబ్బీలో బుత్రుస్. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శిగా చేసిన ఈజిప్టు క్రైస్తవుడు బుత్రోస్ బుత్రోస్ ఘాలీ పేరు అదే. మర్యం అర్థం మీద మాత్రం పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. 'పవిత్రురాలు' అని ఒక్క ముక్కలో తేల్చేసే నెట్ లిస్టులని నమ్మి పేర్లు పెట్టేవాళ్లు కాస్త ఆగాలి.

అన్నీ ప్రవక్తల కాలం నాటి పేర్లే కావు. పర్వీన్ (కృత్తికా నక్షత్రాలు), షబ్నం (మంచు బిందువు) ఫారసీ నుంచి వచ్చాయి. రాయలసీమలో ఎక్కువగా వినిపించే దస్తగిరి కూడా ఫారసీయే. దస్త్ అంటే చేయి, గీర్ అంటే పట్టుకునేది. చేయి పట్టి ఆదుకునేవాడని షేక్ అబ్దుల్ ఖాదిర్ జీలానీకి ఉన్న బిరుదు అది. అనంతపురం జిల్లా గూగూడులో పీర్ల పండుగ ఎవరి పేరు మీద జరుగుతుందో ఆ కుళ్లాయిస్వామి పేరులో ఉన్న కుళ్లాయి అంటే టోపీ, ఫారసీ 'కులాహ్'. ఆ చుట్టుపక్కల కుళ్లాయప్ప అనే పేరు పెట్టుకున్న హిందువులు చాలామంది కనిపిస్తారు.

ఇక అసలు బాధ 'అబ్దుల్'తో. నా పేరూ దాంతోనే మొదలవుతుంది. ఆధార్‌లో రెండు ముక్కలు, పాన్‌లో కలిపేసి ఒకటే మాట, పదో తరగతి మెమోలో వెనక ముక్క లేనే లేదు. మొదటి ఉద్యోగంలో జీతం ఖాతా తెరవడానికి వెళ్తే, మూడు కాగితాల్లో ముగ్గురు మనుషులున్నారన్నాడు కౌంటర్‌లో ఆయన. రెండు నెలల జీతం ఆగిపోయింది.

అబ్ద్ అంటే దాసుడు. 'అల్' కలిసి 'అబ్దుల్' అయితే '...యొక్క దాసుడు' అన్నమాట. ఎవరి దాసుడో వెనక మాట చెప్పాలి. అబ్దుర్రహ్మాన్ అంటే కరుణామయుని దాసుడు. తెలుగులో రామదాసు, యేసుదాసు అన్నప్పుడు స్వామి ముందు, దాసుడు వెనక. అరబ్బీలో తిరగేసి ఉంటుంది, అంతే తేడా. బైబిల్లో ఓబద్యా అనే ప్రవక్త పేరులోనూ ఇదే ధాతువు, అర్థం కూడా దేవుని దాసుడనే. అరబ్ క్రైస్తవుల్లో అబ్దుల్ మసీహ్ అనే పేరుంది. కాబట్టి ఒట్టి 'అబ్దుల్' అని పిలిస్తే సగంలో ఆపేసిన వాక్యం లాంటిది. ఒట్టి 'రహ్మాన్' అంటే అల్లాహ్ పేరుతో మనిషిని పిలిచినట్టవుతుందని మన పెద్దలు ఒప్పుకోరు. అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు కరీం అబ్దుల్-జబ్బార్ పేరులో మధ్యన గీత పెట్టి రాస్తారు, ముక్కలు విడిపోవు. మన ఫారాల్లో ఆ గీతకి చోటుండదు.

'ఉద్దీన్'ది కూడా ఇదే తంటా. సలాహుద్దీన్ అంటే ధర్మానికి మేలు. దాన్ని విడగొట్టి ఇంటిపేరు గడిలో ఒట్టి 'ఉద్దీన్' రాస్తే 'ధర్మం యొక్క' అని మిగులుతుంది.

బిడ్డ పుట్టినప్పుడు పేరు లేకుండా జనన నమోదు చేయించినవాళ్లు 12 నెలల్లోగా ఫీజు లేకుండా పేరు చేర్పించుకోవచ్చు. ఆ తర్వాత 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుము కట్టి చేర్పించాలి. ఆ ఫారంలో అబ్దుల్‌ని, దాని వెనక మాటని ఒకే గడిలో రాయించండి. ఇంగ్లిషు స్పెల్లింగ్ ముందే ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. రేపు ఆధార్‌లో, బడిలో, పాస్‌పోర్టులో అక్షరం మారకుండా అదే ఇవ్వండి. మొహమ్మద్‌ని 'ఎండీ' అని కుదించనివ్వకండి.