నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానము

నల్లమల, ఎర్రమలల నడుమ కుందూనది కిరుప్రక్కల ఆళ్ళగడ్డ దాక వ్యాపించిన నల్లరేగడి భూముల సేద్యమునకు తోడ్పడుటకై మద్రాసు ప్రభుత్వకాలమున 1906లో నెలకొల్పబడిన ఈ సంస్థ, 1964లో నేర్పడి పిదప ఆచార్య ఎన్.జి. రంగా పేరు వహించిన వ్యవసాయ విశ్వవిద్యాలయమున కంగమై, దాని పాలకమండలికిని ఉపకులపతికిని లోబడి నడచుచున్నది. ఇచ్చట నడచు అఖిల భారత సమన్వయ పరిశోధనా పథకములకు భారత వ్యవసాయ పరిశోధనా మండలి ధనసహాయము చేయును.

ప్రత్తి, జొన్న, వరి, శనగ ఇచ్చటి ముఖ్య పరిశోధనాంశములు. బి.టి. విత్తనములు రాక పూర్వము రైతులు విరివిగా విత్తిన ‘నరసింహ’ ప్రత్తి ఈ క్షేత్రమున రూపొందినదే. ఇచ్చటిదే యగు ఎన్‌బిఇజి 47 అను శనగ వంగడమైతే మొక్క నిటారుగ నెదిగి, కాయలు నేలకు ఎడముగ కాయుటచే యంత్రముతో కోయుటకు వీలగును. కూలీలు దొరకని కోతకాలమున నిది రైతునకు గొప్ప మేలు.