పొందూరి సన్నఖద్దరు: ప్రత్తినుండి వలువదాఁక

పతంజలిమహర్షి మహాభాష్యమున లోకవ్యవహారమునుండి యొక దృష్టాంతమును దెచ్చినాఁడు. ఒకఁడు సాలెవాని కడకుఁ బోయి, యీ నూలుతోఁ జీర నేయుమని కోరెను. సాలెవానికి సందేహము కలిగెను. చీరయే యైనచో నిఁక నేయవలసిన పని లేదు. నేయవలసినదే యైనచో నది యింకను జీర కాదు. రాఁబోవు స్థితినిబట్టి యా పేరు వాడఁబడినదనియు, అది భావినీసంజ్ఞ యనియు వైయాకరణుల సమాధానము. క్రీ.పూ. 2వ శతాబ్దినాఁటి యీ చర్చ శాస్త్రమునకు సంబంధించినదే యైనను, వస్త్రచరిత్రను బరిశీలించువారికిని మార్గము చూపుచున్నది. వలువ యను పేరునకు వెనుక నూలున్నది. నూలునకు వెనుక నేకు, ఏకునకు వెనుక దూది, దూదికి వెనుకఁ జేను. ఈ పరంపరలో నొక్క మెట్టు తొలఁగినను బేరు నిలుచును గాని వస్తువు మాఱిపోవును. శ్రీకాకుళము జిల్లాలోని పొందూరి వస్త్రచరిత్ర యిందులకుఁ బ్రబలోదాహరణము.

మగ్గమునుండి యప్పుడే తీసిన క్రొత్తబట్టకుఁ బాణిని తంత్రక మను పదమును సాధించెను. తంత్ర మనఁగా మగ్గము. తెలుఁగున నీ వృత్తికిఁ జెందిన పదజాల మింకను సమృద్ధము. గింజతోఁ గూడినది ప్రత్తి, గింజ తీసినది దూది, దూదిని దువ్వి చుట్టినది ఏకు, ఏకునుండి సాగినది పోఁగు, పోఁగులన్నియు నూలు, మగ్గముపై నిడుపుగా నున్నది పడుగు, అడ్డముగాఁ జొచ్చినది పేక. ఒక్కొక్క దశకు వేఱుపే రుండుటచే, నొక్కొక్క దశయు వేఱుపనియై, వేఱుచేతులకు జీవన మొసఁగెనని గ్రహింపవచ్చును. పేరు గల పనికిఁ బనివా రుందురు.

పొందూరి సన్ననూలునకు మూలము కొండప్రత్తి. పునాసప్రత్తి, ఎఱ్ఱప్రత్తి యనునవియు నచట వాడుకలో నున్నవి. ఇవి దేశీయజాతులు, శ్రీకాకుళ విజయనగర ప్రాంతములలో వర్షాధారమునఁ బండునవి. వీని పింజ పొట్టిది. పొట్టిపింజ సన్ననూలునకుఁ బనికిరాదని మిల్లులవారి మతము. యంత్రపుఁ గదురు వేగమునకుఁ దెగక నిలువవలెనన్నచో నిడుపుపింజ యావశ్యకమే. కాని పొందూరి స్త్రీ లీ ప్రత్తినుండియే 100 నంబరు నూలును దీయుచున్నారు. 100 నంబరనఁగా, 840 గజముల చిలపలు నూఱు కలిసి యొక పౌను తూఁగుట. అనఁగాఁ బౌనునకు 84,000 గజములు, సుమారు 48 మైళ్ళు. అసాధ్యమని తోఁచు నీ పని సాధ్యమగుటకుఁ గారణము ప్రత్తిజాతిలోఁ గాక, ప్రత్తి నూలగు తెఱఁగులో నున్నది.

మొదటి పని ప్రత్తిని దువ్వుట. ఇందులకుఁ బనిముట్టు వాలుగచేప దవడ. దాని సన్నని పండ్లు దట్టముగా నుండుటచే, గింజ నంటియున్న పింజను జెత్తనుండి విడఁదీసి, చిక్కు లేకుండ నొకవైపునకుఁ దీర్చును. పూర్వకవులు స్త్రీల కన్నులను మీలతోఁ బోల్చిరి. పొందూరి స్త్రీలు మీని దవడనే చేతఁబట్టి యుపకరణముగఁ జేసికొనిరి. తరువాత, చెక్కపలకపైఁ బ్రత్తి నుంచి, సన్నని కడ్డీని దొర్లించి గింజను వెడలఁద్రోయుదురు. రంపపుఁబండ్ల యంత్రము వేగమునఁ బింజను ద్రెంచును. ఈ కడ్డీ పింజకు హాని చేయదు. వేఱుపడిన గింజ మరల విత్తుటకుఁ బనికివచ్చును. పిదప దూదిని నారితో నేకి, యేకులుగాఁ జుట్టి, యెండిన యరఁటిదొప్పలో నుంచుకొని వడకుదురు. దొప్పలోని యేకునకుఁ జేతి చెమట తగులదు, దుమ్ము సోఁకదు. రాట్నమున కొక్కటే కదురు. చక్రమునకు 24 ఆకులు. పెద్దచక్రమును మెల్లఁగఁ ద్రిప్పు చేయి, పోఁగు తెగఁబోవునని తెలిసినంతనే నిలుచును. యంత్రమున కీ తెలివి లేదు. పొట్టిపింజకు లోపించిన బలమును జేతి మెలఁకువ పూరించుచున్నది.

ఈ పనిలోఁ బట్టుసాలి స్త్రీలు ప్రసిద్ధులు. కులనామమునఁ బట్టున్నది, చేతిలో నున్నది ప్రత్తి. సాలెపదము నేఁతకాని కెంతవాచకమో పురుగునకు నంతవాచకము. తనకడుపునుండి వెడలు దారముతోఁ దానే గూఁడు కట్టు పురుగు సాలెపురుగు. కాని మనుష్యుఁడగు సాలె యొక్కఁడే వలువను జేయలేఁడు. రైతు, చేప పట్టువాఁడు, వడ్రంగి, ఏకువారు, వడకువారు, నేయువాఁడు కలిసినఁగాని పొందూరి పంచె లేదు. వీరందఱు నించుమించుగ నొకచుట్టుపట్లవారే యగుట యీ పరంపరకు బలము.

ఇట్టి పరంపరలు పూర్వము తెలుఁగునాఁటఁ బలుచోట్ల నుండెను. 1765-66 సంవత్సరములలో నుత్తరసర్కారులు ఈస్టిండియా కంపెనీకి సంక్రమించెను. కంపెనీవారు సాలెలకు ముందుగా సొమ్మిచ్చి, తాము కోరిన కొలతకుఁ దాము పెట్టిన వెలకుఁ దమకే బట్ట నేయునట్లు కట్టివేసిరి. సాలెవాని స్వాతంత్ర్యము పోయెను. అయినను నూలు మాత్ర మీదేశపుదే. 1813లోఁ గంపెనీకి భారతవర్తకముపైఁ గల గుత్తాధిపత్యము తొలఁగెను. అటుపిమ్మట లాంకషైరు మిల్లుల బట్టయు, దానివెంట నూలును దిగుమతి యయ్యెను. ఇచట గమనింపవలసిన విశేష మొకటి గలదు. మగ్గములు పెక్కు మిల్లునూలుతో బ్రతికెను. మొదట నశించినది వడకు. నేఁత పురుషుని వృత్తిగా లెక్కకు వచ్చెను. వడకు స్త్రీలు తీఱికవేళఁ జేయు పనిగా భావింపఁబడుటచే దాని నాశమును లెక్కించినవా రరుదు.

వడకు పోయినచోటఁ బ్రత్తియుఁ దన యింటిని గోల్పోయెను. కృష్ణా గుంటూరు మండలముల ప్రత్తి కాకినాడ రేవునుండి యెగుమతియై, పండిన యూరి పేరు పోయి, రేవు పేరఁ ‘గోకనాడ’ యని విపణిలోఁ బిలువఁబడెను. దూరము పంపుటకై దూదిని యంత్రములతో బేళ్ళుగా బిగింతురు. మిల్లులో మరల యంత్రములతో విడఁగొట్టుదురు. బిగించుటకు వ్యయము, విడఁదీయుటకు వ్యయము, నడుమఁ బింజకు హాని. ఆ హాని కోర్చు నిడుపుపింజలకే ప్రోత్సాహము గలిగి, దేశీయజాతులు వెనుకఁబడెను. యంత్రము ప్రత్తి ననుసరింపలేదు; ప్రత్తియే యంత్రము ననుసరింపవలసి వచ్చెను.

పేరు నిలిచి వస్తువు మాఱుటకు నరసాపురము చెంతనున్న మాధవాయపాలెము నిదర్శనము. అచట నింగ్లీషువారి వర్తకశాల యుండెను. అచటి బట్ట ‘మడపొల్లం’ అను పేర సీమలోఁ బ్రసిద్ధి కెక్కెను. కాలక్రమమున నింగ్లండు మిల్లులలో నేసిన బట్టకును నా పేరే యుంచిరి. ఊరి పేరు బట్ట కెక్కెను. బట్ట యూరిని విడిచెను.

పొందూరి కీగతి పట్టకుండుటకు ఖద్దరుద్యమము తోడ్పడెను. 1925లో నఖిలభారత చరఖాసంఘము స్థాపింపఁబడెను. నాఁడు గంజాం జిల్లాలోనిదగు శ్రీకాకుళ ప్రాంతమున గాంధీగారు 1927 తుదిని బర్యటించిరి. 1949లోఁ బొందూర నాంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘ మేర్పడెను. 1955లో దాని భవనమునకు వినోబాభావేగారు శంకుస్థాపన చేసిరి. ఈ సంఘము నూలు కొని, సాలెలకిచ్చి, బట్ట నమ్మించుటచే, విడిపోవనున్న మెట్లు మరల నతికెను.

అయినను బరంపర నేఁడు నిర్భయముగ లేదు. 2002లో భారతప్రభుత్వము బీటీప్రత్తి కనుమతి నొసఁగిన పిదప, దేశమందలి ప్రత్తిచేలలో నధికభాగ మమెరికాజాతి సంకరవిత్తనముల పాలయ్యెను. ఆ విత్తనమును రైతు ప్రతియేఁటఁ గొనవలసినదే. కొండప్రత్తి విత్తుచేలు కొలఁదియైనవి. పొందూర వడకువారిలో వృద్ధస్త్రీలే యెక్కువ. దినమంతయు వడికినను వచ్చు కూలి స్వల్పమగుటచేఁ గూఁతుండ్రు, కోడండ్రు రాట్నము నంటుట లేదు. పంచె కొనువాఁడు వెల యెక్కువ యనును. ఆ వెలలో రాట్నము కడకుఁ జేరునది యెంత యని యడుగువాఁ డరుదు. కూలి పెరుగనిచో రాట్నము నిలుచును, రాట్నము నిలిచినచోఁ గొండప్రత్తిని గొనువాఁ డుండఁడు, విత్తనము పోవును. చేప దవడ యప్పుడు వస్తుప్రదర్శనశాలకు మాత్రమే పనికివచ్చును.

ఖద్దరు చరిత్రను వ్రాయువారు తఱచుగ మగ్గమునుండి యారంభింతురు. అది వస్త్రచరిత్రకుఁ జివరి యధ్యాయము. మహాభాష్యమునందలి సాలెవాఁ డడిగిన ప్రశ్న నేఁడు కొనువాఁ డడుగవలసియున్నది: ఈ వలువ యే నూలుతో నైనది? ఆ నూ లే చేతులది? ఆ దూది యే చేనిది? మూఁడింటికిని బ్రత్యుత్తర మొక్క పొలిమేరలో దొరకునంతకాలమే పొందూరి పే రన్వర్థము. అటుపిమ్మట నది మడపొల్లము వలెఁ గేవలరూఢి యగును.