కావేరి అడవి దారి: మేకెదాటు నుంచి హొగెనకల్ దాకా

కొడగు కొండల్లోని తలకావేరిలో పుట్టి సముద్రంలో కలిసేదాకా కావేరి ప్రయాణం సుమారు 800 కిలోమీటర్లు. దారిలో ఎక్కువగా పొలాలు, ఊళ్లు, గుళ్లే. శివనసముద్రం జలపాతాలు దాటాక మాత్రం నది కొండల నడుమ అడవిలోకి దిగుతుంది. బెంగళూరు, హోసూరు, ధర్మపురి వైపు తరతరాలుగా ఉంటున్న మన కుటుంబాలకు సెలవురోజు విహారమంటే చాలావరకు ఈ భాగమే.

కనకపుర మీదుగా వెళ్తే సంగమం వస్తుంది. అర్కావతి కావేరిలో కలిసేది ఇక్కడే. అక్కడికి సుమారు 4 కిలోమీటర్ల దిగువన మేకెదాటు. కన్నడ పేరే అయినా మనకు అర్థం చెప్పనక్కర్లేదు. వెడల్పుగా వచ్చిన నది బండల మధ్య ఇరుకు చీలికలో దూరుతుంది. సుడులు రాతిని గుంతలుగా తొలిచాయి. పైకి నిమ్మళంగా కనిపించే నీటిలో దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవారున్నారు.

ఆ దిగువన నది కర్ణాటక, తమిళనాడులకు సరిహద్దు. ఇరువైపులా అభయారణ్యాలే. ఏనుగులు, మొసళ్లు, నీటికుక్కలు ఉంటాయి. ఈ నదికే ప్రత్యేకమైన మూపురం మహసీర్ చేపను అంతరించే ముప్పు తీవ్రంగా ఉన్నవాటిలో 2018లో చేర్చారు.

బిలిగుండ్లు దగ్గర కేంద్ర జల సంఘం ప్రవాహాన్ని కొలుస్తుంది. తర్వాతది హొగెనకల్. హొగె అంటే పొగ, కల్ అంటే రాయి. జలపాతం తుంపరలు పొగలా లేస్తాయి. ఇక్కడి వేడుక పుట్టి ప్రయాణం. తమిళులు పరిసల్ అంటారు. వెదురు బద్దల అల్లికకు పూర్వం తోలు కప్పేవారు, ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా వేసి తారు పూస్తున్నారు. ఇక్కడి నుంచి నీరు 1934లో పూర్తయిన మెట్టూరు ఆనకట్టకు చేరుతుంది.

ఒక ఆగస్టులో మా సంఘం సభ్యులం వెళ్లాం. చినుకు లేదు, ఎండ కాస్తోంది, అయినా పుట్టీలు ఆపేశారు. మాలో కొందరం వాదనకు దిగాం. సాయంత్రానికి, పొద్దున మేము కూర్చుని పులిహోర తిన్న బండ నీటిలో మునిగింది. కొడగు, వయనాడు వానలకు కృష్ణరాజసాగర్, కబిని గేట్లు ఎత్తితే ఆ నీరు ఇక్కడికే రావాలి. మన నెత్తిన వాన ఉందా లేదా అన్నది లెక్కకు రాదు.

అందుకే బయలుదేరే ముందు జిల్లా యంత్రాంగం ప్రకటన చూసుకోండి. పుట్టిలో లైఫ్ జాకెట్ విప్పకండి. మేకెదాటులో నీటిలోకి దిగవద్దు. పుట్టి నడిపేవారు వద్దన్నప్పుడు వాదించకండి. మేము వాదించి, సిగ్గుపడి వచ్చాం.