పోలీసు పుస్తకం, బ్యాంకు ఫారం

నిజాం ప్రభుత్వం 1919లో, అంటే ఫసలీ 1329లో, నపుంసకుల చట్టం అని ఒకటి చేసింది. నిజాం రాజ్యంలో ఆనాడు తెలంగాణమే కాక నేటి మహారాష్ట్రలోని మరాఠ్వాడా, కర్ణాటకలోని రాయచూరు, గుల్బర్గా, బీదరు కూడా ఉండేవి. కనుక మనలో కొందరికి అది తాతలనాటి చట్టమే. దానికి వరవడి బ్రిటిషువారు 1871లో చేసిన నేరస్థ జాతుల చట్టం రెండో భాగం.

మగపిల్లల్ని ఎత్తుకుపోయి నపుంసకులుగా మారుస్తారన్న అనుమానం ఉన్నవారి పేర్లు, చిరునామాలు పోలీసులు పుస్తకంలో రాసుకోవాలి. అలా పేరెక్కిన మనిషి ఆడవేషంతో వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా పట్టుకోవచ్చు. శిక్ష రెండేళ్ళ దాకా. 1871 చట్టం ఇంకా ముందుకు వెళ్ళింది: పేరెక్కినవారు వీలునామా రాయకూడదు, దానమివ్వకూడదు, దత్తత చేసుకోకూడదు. ముప్ఫై ఏళ్ళుగా నామినేషన్లు, వారసుల తగాదాలు చూస్తున్నవాణ్ణి. వీలునామా రాసే హక్కు లేని ఆస్తి సగం ఆస్తే అని నాకు తెలుసు.

ఇవాళ ఈ సంగతి ఎత్తితే మనవాళ్ళు రెండు గట్లమీద నిలబడతారు. పిల్లల గురించి భయపడేవారిని నేను మూర్ఖులనను. అయితే 1860 నాటి శిక్షాస్మృతిలోనే పిల్లల్ని ఎత్తుకుపోవడం నేరం, ఎవరు చేసినా సరే. తర్వాతి చట్టం పిల్లలకు కొత్తగా ఇచ్చిన రక్షణ తక్కువ. ఏ నేరమూ చెయ్యనివారి మీద కూడా అనుమానం ముద్ర వేసింది.

అవతలి గట్టువారితోనూ నాకు చిన్న పేచీ ఉంది. మనిషి మాట చాలు, కాగితమే వద్దంటారు. తానెవరో చెప్పుకునే హక్కు ఆ మనిషిదేనని, శస్త్రచికిత్స కోసం పట్టుబట్టరాదని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న చెప్పింది. నాకూ అది న్యాయంగానే తోచింది. కాని పింఛనుకీ రిజర్వేషనుకీ ఏదో ఒక కాగితం కావాలి కదా! ఆటల పోటీలు, జైలు గదుల చిక్కులు వేరు. వాటిని ఏ చోటికాచోట, ఆడవాళ్ళ మాటా విని తేల్చుకోవాలి తప్ప ఒకే సూత్రంతో కాదు.

2015 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు, దరఖాస్తుల్లో మూడో లింగానికి గడి పెట్టమంది. బ్యాంకుల్లో నొసలు చిట్లించినవారు లేకపోలేదు. పోలీసు పుస్తకంలో ఉన్నదీ పేరే, ఇక్కడ రాసేదీ పేరే. కాని ఇక్కడ గుర్తు పెట్టేది ఖాతాదారు, అదీ తన పని కోసం.

ఇంతకీ ఆ పాత చట్టం చరిత్రలో కలిసిపోయిందనుకుంటాం. అలా జరగలేదు. 2011లో కర్ణాటక పోలీసు చట్టంలో 36ఎ అనే సెక్షను చేర్చి, అలాంటి పుస్తకానికే మళ్ళీ వీలు కల్పించారు. 2016లో అందులోని నపుంసకులన్న మాట తీసి 'వ్యక్తులు' అని మార్చారు. నిజాం నాటి చట్టమైతే హైదరాబాదులో 2018లో కోర్టుకెక్కింది. 14, 21 అధికరణలకు విరుద్ధమని తెలంగాణ హైకోర్టు దాన్ని 2023 జూలైలో కొట్టివేసింది.