మదర్సా గోడ చెప్పే మాట

ఈసారి చరిత్ర కొంత, ఇంటి ఇన్సూరెన్సు కొంత.

మన బీదరులో మహమూద్ గవాన్ మదర్సా కట్టింది 1472లో. ముందువైపు రెండు మినార్లు ఉండేవి, ఇప్పుడు ఒకటే ఉంది. రెండోది ఔరంగజేబు కాలంలో కూలిపోయింది. లోపల దాచిన మందుగుండు పేలిందని కొందరు, పిడుగు పడిందని కొందరు చెబుతారు. మూడు వందల ఏళ్లు దాటినా ఆ వాదన తెగలేదు. కూలిన రోజైతే రాళ్లే సాక్ష్యం చెప్పేవి. ఇప్పుడు అడిగితే ఏం చెబుతాయి?

నష్టం జరిగితే వెంటనే తెలియజేయాలని బీమా కంపెనీలు షరతు పెట్టేది ఇందుకే. మేము రైల్వేలో గుమాస్తా పని చేసినవాళ్లం, ఈ సంగతి మాకు కొత్త కాదు. 1890 నాటి రైల్వే చట్టం 77వ సెక్షను ప్రకారం సరుకు పోయినా, పాడైనా బుక్ చేసిన ఆరు నెలల్లోపు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. 1989 చట్టంలో అది 106వ సెక్షను అయింది. నంబరు మారింది గానీ గడువు మారలేదు.

ఇంటికి అంత గడువు ఉండదు. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున కిల్లారి భూకంపం మన ఊరినీ కదిపింది. అలాంటి రోజున గోడలో పగులు కనిపిస్తే అది భూకంపం వల్ల వచ్చిందా, పాతదా? నాలుగు రోజుల్లో సర్వేయరు చూస్తే తేల్చగలడు. నాలుగు నెలలకు సున్నం కొట్టిన గోడను చూసి ఎవరూ తేల్చలేరు.

ఆలస్యమైతే అంతా పోయినట్టేనా? కాదు. సరైన కారణం ఉంటే, ఆలస్యం ఒక్కటే చూపి నిజమైన క్లెయిమును తోసిపుచ్చవద్దని ఐఆర్‌డీఏ 2011 సెప్టెంబరులో కంపెనీలకు చెప్పింది. వాహన దొంగతనం కేసులో, పోలీసులకు వెంటనే ఫిర్యాదు చేసి ఉంటే కంపెనీకి ఆలస్యంగా చెప్పినా క్లెయిము పోదని 2020లో సుప్రీంకోర్టు అన్నది. కానీ ఆ న్యాయం కోసం కోర్టు మెట్లు ఎక్కాల్సింది మనమే.

2021 ఏప్రిల్ నుంచి ఇళ్లకు భారత్ గృహ రక్ష పాలసీ వచ్చింది. అగ్ని, పిడుగు, వరద, భూకంపం అన్నీ అందులో ఉన్నాయి. నష్టం ఎంతో తేలకపోయినా ముందు ఫోను చేయండి, తరువాత రాసి పంపండి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. ఫోటోలు తీశాకే చెయ్యి పెట్టండి. వాన లోపలికి రాకుండా టార్పాలిన్ కప్పవచ్చు, బిల్లు దాచండి. పాడైన సామాను సర్వేయరు చూసేదాకా పారేయకండి.

వానాకాలం వచ్చేలోగా పాలసీ కాగితం ఎక్కడుందో ఇంట్లో అందరికీ చూపించండి. యజమానికి ఒక్కడికే తెలిస్తే చాలదు.